నెట్ జీరో అనుకుని పడుకున్న రాత్రి: ఒక పర్పెచ్యువల్ షార్ట్ పోయిన కేసు

పొద్దున లేచి ఫోన్ చూస్తే క్రిప్టో ఎక్స్‌ఛేంజ్ నుంచి ఒకటే లైన్ మెసేజ్, మీ షార్ట్ పొజిషన్ లిక్విడేట్ అయింది అని. షార్ట్ అంటే ముందు అమ్మి తర్వాత కొని మూసేది, ధర తగ్గితే లాభం, పెరిగితే నష్టం. లిక్విడేట్ అంటే పెట్టిన డబ్బు చాలక ఎక్స్‌ఛేంజే దాన్ని బలవంతంగా మూసెయ్యడం. తమాషా ఏంటంటే నేను చూసే టైంకి కాయిన్ ధర నా లిక్విడేషన్ ధర కంటే డాలర్ పైనే కింద ఉంది, అంటే రాత్రంతా మెలకువగా ఉండి ఏమీ చెయ్యకుండా మార్జిన్ ఒక్కటి, అంటే పొజిషన్‌కి పూచీగా పెట్టే డబ్బు, ఇంకొంచెం వేసుంటే ఆ పొజిషన్ ఇప్పుడు మామూలుగా ఉండేది. ఇంకో తమాషా, అసలు ఈ ట్రేడ్‌లో నేను ధర పెరుగుద్దనీ అనుకోలేదు, తగ్గుద్దనీ అనుకోలేదు. ఎటు పోయినా నాకు సంబంధం లేకుండా కట్టుకున్న ట్రేడ్ అది. అలాంటి దాంట్లో 10,000 డాలర్లలో 1,603 పోయాయి. ట్రేడ్ హిస్టరీ ఫైల్ డౌన్‌లోడ్ చేసుకుని ఒక్కో లైన్ చూసుకుంటూ కూర్చున్నా, ఆ లెక్కంతా ఇక్కడ పెడుతున్నా. కాయిన్ పేరు, ఎక్స్‌ఛేంజ్ పేరు చెప్పను, ఎక్కడైనా ఇలాగే జరుగుతుంది కాబట్టి చెప్పి లాభం కూడా లేదు. చదవడానికి వీలుగా అంకెలు మాత్రం కొంచెం రౌండ్ చేశా.

ముందు ఈ పర్పెచ్యువల్ అంటే ఏంటో రెండు ముక్కలు, తెలిసినవాళ్లు ఈ పేరా దాటేయొచ్చు. మామూలు ఫ్యూచర్స్‌కి, అంటే ఒక వస్తువు ధర మీద చేసుకునే కాంట్రాక్టులకి, ఎక్స్‌పైరీ డేట్ ఉంటుంది, ఆ రోజు వచ్చేసరికి ఫ్యూచర్ ధర, స్పాట్ ధర (అసలు వస్తువుని అప్పటికప్పుడు కొనే ధర) కలిసిపోవాల్సిందే, ఎందుకంటే ఆ రోజు సెటిల్‌మెంట్ స్పాట్ ధర మీదే అవుతుంది. పర్పెచ్యువల్‌కి, పొట్టిగా పర్ప్‌కి, ఆ డేట్ లేదు. పొజిషన్ ఎన్నాళ్లైనా పెట్టుకోవచ్చు. మరి డేట్ లేనప్పుడు దీని ధర స్పాట్ దగ్గరే ఎందుకు ఉండాలి, గాల్లో ఎక్కడికైనా పోవచ్చుగా? అందుకే ఫండింగ్ పెట్టారు. పర్ప్ ధర స్పాట్ కంటే పైన ఉంటే లాంగ్ ఉన్నవాళ్లు, అంటే ధర పెరిగితే లాభం వచ్చేలా కొన్నవాళ్లు, షార్ట్ ఉన్నవాళ్లకి డబ్బు కడతారు, కింద ఉంటే షార్ట్‌లు లాంగ్‌లకి కడతారు. గుంపు ఏ వైపు ఎక్కువుంటే ఆ వైపు వాళ్లకి అక్కడ కూర్చోవడం ఖరీదవుతుంది, దాంతో కొందరు దిగిపోతారు, ధర మళ్లీ స్పాట్ దగ్గరికి వస్తుంది. ఈ డబ్బు సాధారణంగా ఎక్స్‌ఛేంజ్‌కి పోదు, ఇటు నుంచి అటు వెళ్తుంది అంతే, ఎక్స్‌ఛేంజ్ తినేది ట్రేడింగ్ ఫీజు.

ఐడియా క్రిప్టో వాళ్లది కాదు. రాబర్ట్ షిల్లర్ అనే ఎకనమిస్ట్ 1993లో ఇళ్ల ధరల్లాంటి వాటికోసం, అంటే రోజూ చేతులు మారని ఆస్తుల కోసం, ఎక్స్‌పైరీ లేని ఫ్యూచర్స్ ఎలా నడపొచ్చో పేపర్ రాశాడు. ఆయన అనుకున్న చోట అది పెద్దగా పనికి రాలేదు గానీ 2016 మేలో బిట్‌మెక్స్ బిట్‌కాయిన్ మీద పర్పెచ్యువల్ పెట్టింది, 100 రెట్ల లెవరేజ్‌తో, అంటే పెట్టిన డబ్బుకి 100 రెట్ల పొజిషన్ వేసుకునేలా, ఇక అక్కడి నుంచి ఇవాళ క్రిప్టోలో జరిగే ట్రేడింగ్‌లో పెద్ద వాటా ఇదే అయి కూర్చుంది.

ఇప్పుడు నా ట్రేడ్. స్పాట్‌లో కాయిన్ కొనుక్కోవడం, అన్నే కాయిన్లు పర్ప్‌లో షార్ట్ చెయ్యడం. ధర పెరిగితే స్పాట్‌లో లాభం, షార్ట్‌లో అంతే నష్టం, తగ్గితే తిరగబడుతుంది, మొత్తం మీద సున్నా. మరి లాభం ఎక్కడ్నుంచి అంటే లాంగ్‌లు కట్టే ఫండింగ్ నుంచి. చాలామంది దీన్ని ఫండింగ్ ఆర్బిట్రేజ్ అంటారు, కొందరు రిస్క్ లేని ఆదాయం అని కూడా అంటారు, ఆ మాట ఎవరైనా అంటే నాకిప్పుడు నవ్వొస్తుంది.

ఆ కాయిన్ మీద ఫండింగ్ నేను చూసినప్పుడు 8 గంటలకి 0.05% ఉంది. ఈ అంకె ఎలా వస్తుందో తెలిస్తే తర్వాత జరిగింది అర్థమవుతుంది కాబట్టి కాస్త ఓపిక పట్టండి. చాలా ఎక్స్‌ఛేంజ్‌లలో ఫార్ములా ఇది: పర్ప్ స్పాట్ కంటే ఎంత శాతం పైనుందో 8 గంటల యావరేజ్ తీస్తారు, అది ప్రీమియం. దానికి వడ్డీ అని ఒక ఫిక్స్‌డ్ అంకె ఉంటుంది, 8 గంటలకి 0.01%. వడ్డీలోంచి ప్రీమియం తీసేస్తే వచ్చేదాన్ని మైనస్ 0.05, ప్లస్ 0.05 మధ్యకి కుదించి, దాన్ని మళ్లీ ప్రీమియంకి కలుపుతారు. చదివితే తలనొప్పి వస్తుంది, ఉదాహరణ చూడండి. ప్రీమియం 0.03% అనుకోండి, 0.01లోంచి 0.03 తీస్తే మైనస్ 0.02, కుదింపు అక్కర్లేదు, 0.03కి మైనస్ 0.02 కలిపితే 0.01. అంటే ప్రీమియం మైనస్ 0.04 నుంచి 0.06 దాకా ఎక్కడున్నా ఫండింగ్ 0.01 దగ్గరే బిర్రబిగుసుకుని ఉంటుంది, అందుకే మార్కెట్ చల్లగా ఉన్న రోజుల్లో ఎక్కడ చూసినా 0.01 అనే కనపడుతుంది. ప్రీమియం 0.10కి పోతే అప్పుడు మైనస్ 0.09ని మైనస్ 0.05కి కుదిస్తారు, ఫండింగ్ 0.05 అవుతుంది. నేను చూసిన 0.05 అంటే స్పాట్ 10 డాలర్లుంటే పర్ప్ 10.01 దగ్గర ఆడుతోందన్నమాట. ఒక్క సెంటు తేడా. కానీ రోజుకి మూడు సార్లు, ఏడాదంతా అలాగే ఉంటే అది 54.75% అవుతుంది. ఏడాదంతా ఎప్పుడూ అలా ఉండదు, అది వేరే విషయం, కానీ ఆ అంకె చూసినప్పుడు చెయ్యి ఆగదు.

కాయిన్ ధర 10 డాలర్లు. 8,000 పెట్టి 800 కాయిన్లు స్పాట్‌లో కొన్నా. మిగతా 2,000 ఫ్యూచర్స్ వాలెట్‌లోకి మార్చి, ఐసోలేటెడ్ మార్జిన్‌లో, అంటే ఈ పొజిషన్‌కి ఈ డబ్బు మాత్రమే పూచీగా ఉండేలా, 800 కాయిన్ల షార్ట్ వేశా. 8,000 పొజిషన్‌కి 2,000 మార్జిన్, అంటే 4 రెట్ల లెవరేజ్. స్పాట్‌లో ఫీజు 0.1%, 8 డాలర్లు, పర్ప్‌లో 0.05%, 4 డాలర్లు. ఫండింగ్ ఒక్కోసారికి 4 డాలర్లు వస్తుంది, రోజుకి 12, ఎంట్రీ, ఎగ్జిట్ ఫీజులు కలిపి 24, రెండు రోజుల్లో ఫీజు పోగా మూడో రోజు నుంచి అంతా మిగులే అని లెక్కేసుకున్నా.

ఎందుకు 8,000, 2,000గా విడగొట్టానో నిజం చెప్పాలి. మార్జిన్‌లో పడున్న డబ్బు మీద ఫండింగ్ రాదు. పొజిషన్ ఎంత పెద్దదైతే అంత వస్తుంది. అందుకని మార్జిన్‌ని వీలైనంత తగ్గించి మిగతాది స్పాట్‌లోకి తోసేశా. 4 రెట్లే కదా, జనం 50లు, 100లు వాడుతుంటే మనది ఏ మూలకి అనుకున్నా. ఈ 4 రెట్లు అనే అంకె చూసి మోసపోయా, ఎందుకంటే నేను చూడాల్సింది అది కాదు.

చూడాల్సింది ఇది. మెయింటెనెన్స్ మార్జిన్ అని ఒకటుంటుంది, పొజిషన్ బతికుండాలంటే కనీసం ఉండాల్సిన మార్జిన్. పెద్ద కాయిన్లకి, చిన్న పొజిషన్లకి తక్కువ ఉంటుంది, ఇలాంటి చిన్న కాయిన్లకి ఎక్కువ, నా పొజిషన్‌కి 2.5%. ధర పెరిగేకొద్దీ షార్ట్‌లో నష్టం మార్జిన్‌ని తింటూ పోతుంది, పైగా ధర పెరిగింది కాబట్టి పొజిషన్ విలువ పెరిగి మెయింటెనెన్స్ కూడా పెరుగుతుంది. మిగిలిన మార్జిన్, కావాల్సిన మెయింటెనెన్స్ ఎక్కడ సమానం అవుతాయో అదే లిక్విడేషన్ ధర. నాకు లెక్క ఈజీ: షార్ట్ వేసినప్పటి పొజిషన్ విలువ 8,000, మార్జిన్ 2,000 కలిపి 10,000, దాన్ని 800 ఇంటూ 1.025తో, అంటే 820తో భాగిస్తే 12.195. అంటే కాయిన్ 22% పెరిగితే షార్ట్ పోతుంది. ఆ కాయిన్ నెలలో రెండు మూడు సార్లు అంత ఎగురుతుందని చార్ట్ చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. నేను చార్ట్ చూడలేదు, ధరతో సంబంధం లేని ట్రేడ్‌కి చార్ట్ ఎందుకు అనుకున్నా.

మొదటి తొమ్మిది రోజులు ఏమీ జరగలేదు. ధర 9.60కీ 10.60కీ మధ్య తిరిగింది, ఫండింగ్ కొన్నిసార్లు 0.01కి పడిపోయేది, కొన్నిసార్లు 0.06 ఇచ్చేది. రోజుకి మూడు సార్లు టైం చూసుకుని వాలెట్ రిఫ్రెష్ చేసేవాణ్ని, రెండు డాలర్లు, నాలుగు డాలర్లు, అద్దె వస్తున్నట్టు ఉండేది. ఆ టైంకి పొజిషన్ ఉన్నవాళ్లకే ఫండింగ్ లెక్క, ఒక్క నిమిషం ముందు దిగిపోతే కట్టక్కర్లేదు, రాదు కూడా, అందుకే ఆ నిమిషాల్లో ధర కొంచెం గింజుకుంటుంది, అది కూడా సరదాగా చూస్తూ కూర్చునేవాణ్ని.

పదో రోజు సాయంత్రం ధర 11.40. ఫండింగ్ 0.11%కి ఎగిరింది. 800 కాయిన్లు, 11.40 చొప్పున 9,120 డాలర్ల పొజిషన్, దాని మీద 0.11% అంటే ఒక్క దెబ్బకి 10 డాలర్లు. పండగ అనుకున్నా. ఇప్పుడు పై ఫార్ములా వెనక్కి తిప్పండి, 0.11 రావాలంటే ప్రీమియం యావరేజ్ 0.16 ఉండాలి, అంటే లాంగ్‌లు స్పాట్ ధర కూడా చూసుకోకుండా ఎగబడి కొంటున్నారు. నాకు ఎక్కువ డబ్బు ఎందుకు ఇస్తున్నారో ఆలోచించాల్సిన చోట ఎంత ఇచ్చారో చూసుకుని మురిసిపోయా.

నాతో కలిసి ఇవే ట్రేడ్‌లు చేసే ఫ్రెండ్ ఒకడున్నాడు, వాడే మెసేజ్ పెట్టాడు. "మామా, నీ షార్ట్ బాగా ఎర్రగా ఉంది, చూశావా?"

"స్పాట్ అంతే పచ్చగా ఉందిగా రా. నెట్ జీరో. పడుకో."

ఆ రిప్లై ఇప్పటికీ వాడి ఫోన్‌లో ఉంది, స్టార్ పెట్టి మరీ దాచుకున్నాడు.

నెట్ జీరో అన్నది అబద్ధం కాదు. ఆ నిమిషంలో షార్ట్‌లో 1,120 నష్టం, స్పాట్‌లో 1,120 లాభం. కానీ స్పాట్ లాభం స్పాట్ వాలెట్‌లో ఉంది, షార్ట్‌కి దాని గురించి తెలియదు. ఆ ఐసోలేటెడ్ పొజిషన్ ప్రపంచంలో నా దగ్గర ఉన్నది 2,000 మాత్రమే, అందులో 1,120 పోయి 880 మిగిలింది, అందులో 228 మెయింటెనెన్స్‌కి కావాలి. వచ్చిన ఫండింగ్ కూడా ఆ ఎక్స్‌ఛేంజ్‌లో ఫ్యూచర్స్ వాలెట్‌లోకి వచ్చేది తప్ప ఆ పొజిషన్ మార్జిన్‌కి కలిసేది కాదు. నా ఎక్సెల్ షీట్‌లో ట్రేడ్ రెండు కాళ్లూ, అంటే స్పాటూ షార్టూ, ఒకే లైన్‌లో ఉన్నాయి, ఎక్స్‌ఛేంజ్ కంప్యూటర్‌లో అవి ఇద్దరు వేరే వేరే మనుషుల అకౌంట్లలా ఉన్నాయి.

ఆ సాయంత్రం ఏం చేసి ఉండొచ్చో తర్వాత లెక్కేశా. 200 కాయిన్లు స్పాట్‌లో అమ్మి, అదే టైంలో 200 షార్ట్ కొని మూసేసి, వచ్చిన డబ్బంతా మిగతా 600 షార్ట్‌కి మార్జిన్‌గా వేసుంటే మార్జిన్ 4,000 అయ్యేది, లిక్విడేషన్ ధర 16.26కి పోయేది. ఖర్చు? రెండు వైపులా ఫీజు కలిపి మూడున్నర డాలర్లు. పని? రెండు నిమిషాలు. అదేదో పెద్ద తెలివి కూడా కాదు, ఫ్రెండ్ మెసేజ్ పెట్టింది దానికోసమే.

ఇక రాత్రి. ఫైల్‌లో ఉన్న టైంలని మన టైంలోకి మార్చి చెబుతున్నా. 2 గంటల 7 నిమిషాలకి లాస్ట్ ప్రైస్ 12.20 దాటింది. అప్పుడు నా పొజిషన్ పోలేదు. ఎందుకంటే లిక్విడేషన్ లాస్ట్ ప్రైస్ మీద జరగదు, మార్క్ ప్రైస్ మీద జరుగుతుంది. లాస్ట్ ప్రైస్ అంటే ఆ ఎక్స్‌ఛేంజ్‌లో ఆఖరుగా జరిగిన ట్రేడ్ ధర, ఎవడైనా పెద్ద ఆర్డర్ కొట్టి దాన్ని క్షణంలో పైకి గుంజొచ్చు. మార్క్ ప్రైస్ అంటే చాలా స్పాట్ మార్కెట్ల ధరలు కలిపి తీసిన ఇండెక్స్‌కి, పర్ప్‌కీ స్పాట్‌కీ మధ్య తేడాని కొంచెం చదును చేసి కలిపింది. ఒక్క విక్‌కే, అంటే ధర క్షణంపాటు ఎగిరి దిగినందుకే, జనం అందరూ తుడిచిపెట్టుకుపోకూడదని పెట్టిన రక్షణ అది. నాకు ఆ రక్షణ రెండు నిమిషాలు పనిచేసింది. 2 గంటల 9 నిమిషాలకి మార్క్ కూడా 12.195 తాకింది, అంటే స్పాట్ కూడా నిజంగానే పెరిగింది, ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యడానికి లేదు.

అక్కడి నుంచి పొజిషన్ నాది కాదు, లిక్విడేషన్ ఇంజిన్‌ది, అంటే ఇలాంటి పొజిషన్లని మూసేసే ఎక్స్‌ఛేంజ్ ప్రోగ్రాంది. అది 800 కాయిన్లని మార్కెట్‌లో కొనడం మొదలుపెట్టింది, పదకొండు ముక్కలుగా, యావరేజ్ 12.32. ఇక్కడ ఒక చిన్న విషయం చాలామంది పట్టించుకోరు. లిక్విడేషన్ ధర 12.195 దగ్గర నా నష్టం 1,756, అంటే మార్జిన్‌లో ఇంకా 244 ఉంది. నా మార్జిన్ నిజంగా సున్నా అయ్యే ధర 12.50, దాన్ని బ్యాంక్రప్సీ ప్రైస్ అంటారు. ఈ రెండింటి మధ్య ఖాళీ ఇంజిన్ తన పని చేసుకోవడానికి వదిలింది. ఇంజిన్ 12.32కి ముగించింది, 12.50 దాకా మిగిలిన 18 సెంట్లు, 800 కాయిన్లకి 144 డాలర్లు, ఇన్సూరెన్స్ ఫండ్‌లో పడ్డాయి. నాకు వెనక్కి రాలేదు. ఫైల్‌లో ఆ లైన్ చూసినప్పుడు కడుపు మండింది గానీ ఆ ఫండ్ ఎందుకుందో తెలుసు, ఇంజిన్ 12.50కి లోపల కొనలేక 12.80కి కొనాల్సి వస్తే ఆ తేడా కట్టేది అదే ఫండ్. లేకపోతే గెలిచినవాడికి డబ్బు ఎక్కడ్నుంచి తెచ్చిస్తారు?

ఇంకో విషయం, నా 800 కాయిన్లు బలవంతంగా కొనడం కూడా ధర పెరగడానికి ఒక చెయ్యి వేసింది. నాలాగే 12, 12.50, 13 దగ్గర లిక్విడేషన్ ధర ఉన్న షార్ట్‌లందరి కోసం ఇంజిన్ కొంటూ పోతుంటే ఒకరి లిక్విడేషన్ ఇంకొకరి లిక్విడేషన్‌కి నిప్పు అంటిస్తుంది. 2 గంటల 14 నిమిషాలకి 13.10. అదే టాప్. ఇక కొనాల్సిన షార్ట్‌లు ఎవరూ మిగల్లేదు. పొద్దున ఆరుకి 10.90.

నేను లేచింది అప్పుడే. రాత్రి 12.32 దగ్గర షార్ట్ పోయినప్పుడు స్పాట్ కూడా అమ్మేసుంటే నష్టం చాలా చిన్నది, స్పాట్‌కి 9,800 పైనే వచ్చేది, హెడ్జ్, అంటే ఒకదాని నష్టాన్ని ఇంకోదాని లాభం పూడ్చే ఏర్పాటు, పనిచేసినట్టే లెక్క. కానీ షార్ట్ పోయిన క్షణం నుంచి నేను 800 కాయిన్ల మీద ఒట్టి లాంగ్‌ని, నిద్రలో ఉన్న లాంగ్‌ని. 13.10 నుంచి 10.90 దాకా పడింది మొత్తం నా నెత్తినే పడింది.

రెండో తప్పు కూడా చెప్పాలి, ఇది మొదటి దానికంటే సిగ్గుచేటు. 10.90 దగ్గర చూసి వెంటనే అమ్మలేదు. రాత్రి 13 చూసింది కదా, మళ్లీ 11.50 అయినా వస్తుంది, అప్పుడు అమ్మి నష్టం తగ్గించుకుందాం అనుకున్నా. ధర గురించి నాకు ఏ అభిప్రాయం లేదని పది రోజులు చెప్పుకున్నవాణ్ని, పది నిమిషాల్లో జోస్యుణ్ణి అయిపోయా. మధ్యాహ్నానికి 10.40, అక్కడ అమ్మేశా. 8,320 వచ్చింది. దానికి పది రోజుల ఫండింగ్ 97 కలిపి, ఫీజులు 20 తీసేస్తే 8,397. పొజిషన్ మొదలెట్టినప్పటి కంటే కాయిన్ 4% పైన ఉంది, స్పాట్ కొని ఊరికే కూర్చున్నవాడికి కూడా లాభమే, ఎటు పోయినా సంబంధం లేనివాడికి 16% నష్టం.

మార్జిన్ విడగొట్టడం గురించి తర్వాత వేసిన లెక్కే ఇప్పటికీ నన్ను కుట్టేది. అదే 10,000లో 7,000 స్పాట్, 3,000 మార్జిన్ పెట్టుంటే 700 కాయిన్లు, లిక్విడేషన్ ధర 13.94. ఆ రాత్రి లాస్ట్ ప్రైసే 13.10 దాటలేదు, మార్క్ ఇంకా కిందే ఉంది, అంటే ఏమీ కాకుండా పొద్దున లేచేవాణ్ని. ఫండింగ్ 97 బదులు 85 వచ్చేది. 12 డాలర్లు. పది రోజుల్లో 12 డాలర్లు ఎక్కువ రావాలని చేసిన పని ఇది.

స్టాప్ లాస్ పెట్టలేదా అని అడుగుతారు. షార్ట్‌కి ఒక్కదానికే స్టాప్ పెడితే అది మనంతట మనం చేసుకునే లిక్విడేషన్, 144 డాలర్లు మిగులుతాయి అంతే, స్పాట్ మళ్లీ ఒంటరిగానే ఉంటుంది. పెడితే రెండు కాళ్లకీ ఒకే ధర దగ్గర పెట్టాలి, షార్ట్ మూసుకునే చోటే స్పాట్ అమ్ముడుపోయేలా. చిన్న కాయిన్లలో ఆ రెండు ఆర్డర్లూ ఒకే ధరకి పడతాయన్న గ్యారంటీ లేదు, స్లిప్పేజ్ ఉంటుంది, అయినా ఏమీ లేనిదాని కంటే నయం. క్రాస్ మార్జిన్ పెడితే ఫ్యూచర్స్ వాలెట్‌లో ఉన్న డబ్బంతా మార్జిన్ అవుతుంది, కానీ స్పాట్ వాలెట్‌లో కాయిన్లు వేరేగా ఉన్నంతకాలం నా సమస్య అదే. కాయిన్‌ని కూడా మార్జిన్‌గా లెక్కేసుకునే యూనిఫైడ్ అకౌంట్లు కొన్నిచోట్ల ఉన్నాయి, వాటిలో కాయిన్ విలువలో కొంత కోత వేసి మిగతాది లెక్కేస్తారు, చిన్న కాయిన్లకి కోత ఎక్కువ. ఇప్పుడు నేను ఎక్కువగా వాడేది అదే.

బిట్‌కాయిన్, ఈథర్ లాంటి వాటికి ఇంకో దారి ఉంది, నాకు చాలా నచ్చిన దారి, కాయిన్ మార్జిన్ కాంట్రాక్ట్. 2016లో బిట్‌మెక్స్ పెట్టింది ఈ రకమే. ఇందులో మార్జిన్ డాలర్లలో కాదు, కాయిన్‌లోనే ఉంటుంది, లాభనష్టాలు కూడా కాయిన్‌లోనే. బిట్‌కాయిన్ 10,000 ఉన్నప్పుడు ఒక బిట్‌కాయిన్ మార్జిన్‌గా పెట్టి 10,000 డాలర్ల షార్ట్ వేశారనుకోండి. ధర 20,000 అయితే అర బిట్‌కాయిన్ పోతుంది, మిగిలిన అర విలువ 10,000 డాలర్లు. ధర 5,000కి పడితే ఒక బిట్‌కాయిన్ లాభం వస్తుంది, రెండు బిట్‌కాయిన్లు, విలువ 10,000 డాలర్లు. ఎటు పోయినా అంతే. ధర ఎంత పెరిగినా నష్టం ఒక బిట్‌కాయిన్‌ని దాటలేదు కాబట్టి ఈ 1 రెట్టు షార్ట్‌కి పై వైపు లిక్విడేషన్ భయం ఉండదు, నా స్పాటూ నా మార్జినూ ఒకే వస్తువు అయిపోయాయి కాబట్టి వేరే వాలెట్ల గోల లేదు. ఇదే కాంట్రాక్ట్‌లో లాంగ్ వెళ్లేవాడి సంగతి మాత్రం ఘోరం, ధర పడేకొద్దీ పొజిషన్‌లో నష్టం, ఆ నష్టం కట్టాల్సిన మార్జిన్ కాయిన్ కూడా పడిపోతుంటుంది. 2020 మార్చి 12, 13 తేదీల్లో బిట్‌కాయిన్ ఇంచుమించు సగానికి పడి 4,000 కిందకి పోయినప్పుడు అంత లిక్విడేషన్ జరగడానికి ఇది కూడా ఒక కారణం.

అంతా నేర్చుకున్నా అనుకున్నాక ఇంకో వైపు నుంచి దెబ్బ తగిలింది, అది కూడా చెప్పి ఆపుతా. పై కేసులో ధర పెరిగి షార్ట్ పోయింది. ధర పడితే షార్ట్‌కి ఏమీ కాదు, లాభంలో ఉంటుంది, భయం లేదు, ఇదీ నా నమ్మకం. 2025 అక్టోబర్ 10న చైనా సరుకుల మీద అమెరికా 100% అదనపు సుంకం వేస్తామన్న ప్రకటన తర్వాత మార్కెట్ కూలిన రోజు గుర్తుండే ఉంటుంది, 24 గంటల్లో 19 బిలియన్ డాలర్ల పైన పొజిషన్లు లిక్విడేట్ అయ్యాయి, చిన్న కాయిన్లయితే కొన్ని నిమిషాల్లో సగానికి పైగా పడ్డాయి. అప్పుడు నా దగ్గర ఒక కాయిన్‌లో 500 స్పాట్, 500 షార్ట్ ఉన్నాయి, షార్ట్ ఎంట్రీ 8 డాలర్లు. మార్జిన్ పుష్కలంగా ఉంది, అలారం కూడా పెట్టుకున్నా, ఈసారి మెలకువగానే ఉన్నా.

మెసేజ్ వచ్చింది, మీ షార్ట్‌లో 200 కాయిన్లు ఆటో డీలెవరేజింగ్‌లో మూసేశాం, ధర 5.60 అని. ఇది ఏంటంటే, లిక్విడేట్ అయిన లాంగ్‌లని ఇంజిన్ అమ్మబోతే కొనేవాడు లేడు, ఇన్సూరెన్స్ ఫండ్ కూడా చాల్లేదు, అప్పుడు లాభంలో ఉన్న షార్ట్‌లని వెతికి వాళ్ల పొజిషన్లని ఆ పోయిన లాంగ్‌ల బ్యాంక్రప్సీ ధర దగ్గర బలవంతంగా మూసేస్తారు. లాభం శాతం ఎక్కువున్నవాళ్లు, లెవరేజ్ ఎక్కువున్నవాళ్లు క్యూలో ముందుంటారు. నా లెవరేజ్ తక్కువ కాబట్టి 200తో పోయింది, నాకంటే క్యూలో ముందున్నవాళ్లకి మొత్తం పోయే ఉంటుంది. మూసింది లాభంలోనే, కాయిన్‌కి 2.40 చొప్పున 480 డాలర్లు వచ్చాయి, ఎవరైనా బయటివాళ్లు చూస్తే సంతోషించాల్సిన మెసేజ్ అది. కానీ హెడ్జ్ చేసినవాడికి అది ఒక కాలు తీసేసినట్టు. 200 స్పాట్ కాయిన్లు ఒంటరిగా మిగిలాయి, ధర ఇంకా పడుతూనే ఉంది.

కొత్తగా రాసుకున్న రూల్ ఒకటుంది, ఒక కాలు ఎంత పోతే రెండో కాలు అంత అప్పుడే కోసెయ్యాలి, ధర గురించి ఆలోచించకూడదు అని. యాప్ రెండు సార్లు హ్యాంగ్ అయింది, అమ్మకం బటన్ నొక్కితే గుండ్రంగా తిరుగుతూ కూర్చుంది, నాలుగు నిమిషాల తర్వాత 4.90కి ఆర్డర్ పడింది. 5.60కీ 4.90కీ మధ్య 70 సెంట్లు, 200 కాయిన్లకి 140 డాలర్లు పోయాయి. మిగతా 300, 300 అలాగే ఉన్నాయి, వాటికి ఏమీ కాలేదు. ఇంకో అరగంటకి కాయిన్ తిరిగి 6.50 దగ్గర ఉంది, నేను 4.90కి అమ్మిన అవే కాయిన్లు. స్క్రీన్‌షాట్ తీసి ఫ్రెండ్‌కి పంపా.

"నెట్ జీరో మామా, పడుకో" అని రిప్లై ఇచ్చాడు వెధవ.